కార్డుల ఆటలోని మంత్రాలను పాత్రపోషణ ఆటలోకి మలచుట

కార్డుల ఆటలోని మంత్రాలను పాత్రపోషణ ఆటలోకి మలచుట అనగా, మ్యాజిక్: ద గ్యాదరింగ్ వంటి ట్రేడింగ్ కార్డ్ గేమ్‌లో ముక్కపై అచ్చయిన మంత్రాన్ని, డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఒక పాత్ర ప్రయోగించగల మంత్రంగా తిరిగి వ్రాయుట. ఈ రెండు ఆటలూ ఇప్పుడు ఒకే సంస్థ చేతిలో ఉన్నవి. అనేక మంత్రాల పేర్లు కూడా రెండింటిలోనూ ఒకటే. అందువలన ఇది అంకెలు మార్చి వ్రాసుకొనే సులభమైన పనిగా తోచును. కాని ముక్కపై ఉన్న అంకెలను ఉన్నవి ఉన్నట్లు దించుకొన్న మంత్రాలు చాలావరకు ఆటను పాడుచేస్తాయి. దానికి కారణం మంత్రపు బలంలో కంటె, మంత్రానికి చెల్లించే వెలలో ఉన్నది.

రెండు ఆటల స్వరూపం

మ్యాజిక్: ద గ్యాదరింగ్‌ను అమెరికా గణితవేత్త రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించగా, విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 1993 ఆగస్టులో విడుదల చేసింది. తెలంగాణ పల్లెలలో పత్తాలు అని పిలిచే పేకలో 52 ముక్కలూ ఆడేవారందరికీ ఉమ్మడి సొత్తు. మ్యాజిక్‌లో అట్లు కాదు. ప్రతి ఆటగాడూ తన కట్టను తానే కూర్చుకొని వస్తాడు. ప్రధానమైన పోటీ పద్ధతులలో కట్టకు కనీసం 60 ముక్కలుండవలెను. మూలభూముల ముక్కలు తప్ప మరే ముక్కా నాలుగు ప్రతులకు మించరాదు. ఆట మొదట చేతిలో 7 ముక్కలు, ఆటగాడి ఖాతాలో 20 ఆయువు ఉంటాయి. మైదానం, ద్వీపం, చిత్తడి, పర్వతం, అరణ్యం అనే ఐదు రకాల భూముల నుండి వరుసగా తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మానా అనే శక్తి లభించును. ఆ మానాను ఖర్చుపెట్టి మంత్రాలను ప్రయోగిస్తారు. ఎదుటివాని ఆయువు సున్నకు చేరితే ఆట ముగిసినట్లే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంతకు 19 సంవత్సరాలు ముందటిది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆటను 1974లో టీఎస్ఆర్ సంస్థ ప్రచురించింది. ఇందులో కట్ట లేదు, ఎదురెదురు పోటీ లేదు. డంజన్ మాస్టర్ అనే ఒక వ్యక్తి కథను నడుపుతాడు. మిగిలినవారు ఒక్కొక్క పాత్రను ధరించి తమ పాత్ర ఏమి చేయునో నోటితో చెప్తారు. ఫలితం సందేహాస్పదమైనచోట 20 ముఖాల పాచిక తీర్పు చెప్పును. ఒక కథ వారం వారం కూర్చొని ఆడినా నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి సాగవచ్చును.

విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 1997లో టీఎస్ఆర్‌ను కొనుగోలు చేసింది. 1999లో విజార్డ్స్‌ను హాస్బ్రో సంస్థ కొన్నది. అయినను మ్యాజిక్ లోకాలను డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోకి తెచ్చే అధికారిక ప్రచురణ 2016 వరకు వెలువడలేదు. అభిమానులు మాత్రం అంతకు చాలాముందే తమ ఇళ్ళలో ఆ పని మొదలుపెట్టినారు.

మంత్రానికి వెల

రెండు ఆటలలోనూ మంత్రం ఊరికే రాదు. అయితే వెల కట్టే తీరు వేరు.

కార్డుల ఆటలో మంత్రానికి నిజానికి మూడు వెలలున్నవి. మొదటిది ముక్క మూలన అచ్చయిన మానా. రెండవది ఆ ముక్కయే. క్షణికమైన మంత్రాన్ని ఒకసారి ప్రయోగిస్తే అది చేతి నుండి పోయినట్లే. మూడవది అదృష్టం. రమ్మీ ఆడేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. కావలసిన ముక్క కట్టలో ఉన్నంత మాత్రాన చేతికి రాదు. 60 ముక్కల కట్టలో నాలుగు ప్రతులున్న మంత్రం మొదటి ఏడు ముక్కలలో ఒక్కటైనా వచ్చే అవకాశం సుమారు 40 శాతం మాత్రమే.

పాత్రపోషణ ఆటలో ఈ మూడవ వెల పూర్తిగా మాయమగును. మంత్రవేత్త ఉదయమే మంత్రాలను సిద్ధపరచుకొంటాడు. అవి అతనికి ఎప్పుడు కావాలంటే అప్పుడు అందుబాటులో ఉంటాయి. అతనిని కట్టడి చేసేది స్పెల్ స్లాట్ అనే దినవారీ వాటా. 2014లో వచ్చిన అయిదవ కూర్పు ప్రకారం మొదటి స్థాయి మంత్రవేత్తకు రోజుకు మొదటి స్థాయి స్లాట్లు రెండు. అయిదవ స్థాయికి చేరినవానికి మొదటి స్థాయివి 4, రెండవ స్థాయివి 3, మూడవ స్థాయివి 2. దీర్ఘవిశ్రాంతి తీసుకొంటే అన్నీ తిరిగి వచ్చును. క్యాంట్రిప్‌లు అనే చిరు మంత్రాలకు ఈ లెక్క కూడా లేదు. ప్రయోగించిన మంత్రం మనసు నుండి చెరిగిపోవుననే పాత పద్ధతి జాక్ వాన్స్ 1950లో ప్రచురించిన ద డయింగ్ ఎర్త్ కథల నుండి ఈ ఆటలోకి వచ్చింది. ఆపత్కాలంలో అస్త్రమంత్రం మరచిపోయిన కర్ణుని కథ ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ ఊహ కొత్తది కాదు.

వెల అనగా ఏమిటో తెలియుటకు మహాభారతంలో అంతకంటె మంచి ఉదాహరణ ఉన్నది. కవచకుండలాలు ఇచ్చి కర్ణుడు ఇంద్రుని వద్ద పొందిన శక్తి ఒక్కసారికే పనిచేయును. దానిని అర్జునుని కొరకు దాచుకొన్నాడు. రాత్రియుద్ధంలో ఘటోత్కచుడు విజృంభించగా దానిని అతనిపై వాడక తప్పలేదు. ఆ శక్తి బలం ఎంత అన్నది కథకు ముఖ్యం కాదు. ఒక్కసారే వాడవలెననే నియమం వలననే దాచుకొనుట, తొందరపెట్టించుట, వ్యర్థమగుట అనే కథ అంతా పుట్టింది. అదే శక్తి ప్రతి ఉదయం తిరిగి చేతికి వచ్చేదైతే ద్రోణపర్వం మరొక విధంగా ఉండెడిది. కార్డుపైని మంత్రాన్ని స్లాట్ల ఆటలోకి తెచ్చినప్పుడు జరిగే మార్పు సరిగా ఇదే.

ఒకే పేరు, రెండు మంత్రాలు

లైట్నింగ్ బోల్ట్, అనగా పిడుగు, రెండు ఆటలలోనూ ఉన్నది. మ్యాజిక్‌లో అది ఒక్క ఎర్ర మానాకు 3 ఆయువు తీయును. 1993 నాటి తొలి ముద్రణలో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్కటి చొప్పున, ఒక్క మానాకు ఏదో ఒకటి మూడు ఇచ్చే ఐదు ముక్కలు కలవు. ఇది వానిలో ఎరుపు రంగుది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో అదే పేరుగల మంత్రం మూడవ స్థాయిది. అది 100 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల గీతలో ఉన్నవారందరికీ ఎనిమిది ఆరు ముఖాల పాచికలంత, అనగా సగటున 28 నష్టం కలిగించును. తప్పించుకొనే పాచిక నెగ్గినవారికి సగం. మొదటిది రోజువారీ పనిముట్టు. రెండవది దాచి వాడుకొనే ఆయుధం.

కొందరు నిష్పత్తి లెక్కతో దీనిని సరిచేయ చూస్తారు. 20లో 3 అనగా 15 శాతం కనుక, మంత్రం ఎదుటివాని ప్రాణంలో 15 శాతం తీయవలెనని వారి వాదం. ఆ లెక్కన 8 ప్రాణం గల కొత్త మంత్రవేత్తకు నష్టం ఒక్కటి. 2014 నాటి నియమగ్రంథంలో 256 ప్రాణం గల ఎర్ర డ్రాగన్‌కు 38. బలవంతునికే ఎక్కువ దెబ్బ తగిలే పిడుగు ఏ కథలోనూ నిలువదు. 20 ఆయువు అన్నది ఆటగాళ్ళిద్దరికీ సమానమైన కొలబద్ద. పాత్రపోషణ ఆటలో అట్టి కొలబద్ద లేదు.

కౌంటర్‌స్పెల్ అనే ప్రతిమంత్రం ఇంకను ఆసక్తికరమైనది. ఆగ్నేయాస్త్రాన్ని వారుణాస్త్రంతో చల్లార్చినట్లు, ఇది ఎదుటివాని మంత్రాన్ని ఫలించకుండ ఆపును. మ్యాజిక్‌లో దీని వెల రెండు నీలి మానాలు. దీనిని వాడదలచినవాడు తన వంతులో ఆ మానాను ఖర్చు చేయక అట్టిపెట్టుకొనవలెను. అతడు భూములను వాడక ఊరుకొనుటను చూచి ఎదుటివాడు అనుమానించును. ఆటలోని రసమంతయు ఆ అనుమానంలోనే ఉన్నది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇది మూడవ స్థాయి మంత్రం. 60 అడుగుల లోపల ఎవరైనా మంత్రం పలుకుచుండగా ప్రతిచర్యగా వాడవచ్చును. 2014 నియమం ప్రకారం మూడవ స్థాయి వరకు గల మంత్రాలు తప్పక ఆగిపోయేవి. ఎదుటివాని స్లాట్ కూడా వ్యర్థమయ్యేది. అట్టిపెట్టుకొనవలసినది ఏమీ లేకపోవుటచే ఈ ప్రతిమంత్రం అనుమానం రేపదు, విసుగు మాత్రమే పుట్టించును. 2024 సవరణలో ఎదుటివాడు దేహదార్ఢ్యపు పాచిక వేసి నిలద్రొక్కుకొనే అవకాశం కల్పించినారు. ఓడినా అతని స్లాట్ పోదు. ఇది మెరుగైన నియమమనుటలో సందేహం లేదు.

అసలే దింపరాని ముక్కలు

కొన్ని ముక్కలు కార్డుల ఆట కొరకే పుట్టినవి. నలుపు రంగుకు చెందిన డార్క్ రిచువల్ ఒక నల్ల మానా తీసుకొని మూడు నల్ల మానాలు ఇచ్చును. ఒక్క క్షణానికి శక్తి మూడింతలైనను, ముక్క ఒకటి పోయినది గనుక లెక్క సరిపోవును. దీనిని ఒక స్లాట్‌తో మూడు స్లాట్లు పుట్టించే మంత్రంగా వ్రాస్తే ఆ మూడింటితో తొమ్మిది వచ్చును, ఇక అంతే లేదు. పాత్రపోషణ ఆటలో సోర్సరర్ అనే పాత్రకు ఇట్టి మారకం ఉన్నది. కాని అక్కడ మొదటి స్థాయి స్లాట్‌ను కరిగిస్తే వచ్చేది ఒక పాయింటు. అదే స్లాట్‌ను తిరిగి చేయుటకు కావలసినవి రెండు. ప్రతి మారకంలోనూ నష్టం ఉండునట్లు కావలెననే కూర్చినారు. వడ్డీవ్యాపారి లెక్క వలె ఇది ఎప్పుడూ ఒకవైపే మొగ్గును.

మూడు ముక్కలు తీసుకొనుమనే యాన్సెస్ట్రల్ రీకాల్ మరొక చిక్కు. కట్టయే లేని ఆటలో ముక్క తీయుట అనగా ఏమి? ఆ పేరుకు అర్థం పూర్వీకుల స్మృతి. కనుక పూర్వీకులనడిగి డంజన్ మాస్టర్ నుండి మూడు నిజాలు రాబట్టే మంత్రంగా వ్రాయుట ఒక మార్గం. నియమం పోయినను భావం దక్కును. ఇట్టివాటికి నియమంకంటె పేరే దారిచూపును.

మలచే పద్ధతి: ఒక ఉదాహరణ

కళాదేశ్ అనే ముక్కల సంపుటి 2016 సెప్టెంబరులో వెలువడినది. దానిలో హార్నెస్డ్ లైట్నింగ్ అనే ముక్క కలదు. కళ్ళెం వేసిన పిడుగు అని చెప్పుకొనవచ్చును. దీని వెల రెండు మానాలు, అందులో ఒకటి ఎరుపు. ఒక ప్రాణిని ఎన్నుకొన్న పిదప ప్రయోగించినవానికి మూడు శక్తి బిళ్ళలు వచ్చును. అతడు తన వద్ద ఉన్న బిళ్ళలలో ఎన్నింటినైనా చెల్లించి, అంత నష్టం ఆ ప్రాణికి కలిగించవచ్చును. చెల్లించనివి అతని వద్దనే నిలువ ఉండును. ఇప్పుడే కొట్టుటా, కూడబెట్టుటా అన్నదే ఈ ముక్క ప్రాణం. దీనిని తీసివేసి మూడు నష్టం మాత్రం మిగిల్చిన మలపు వ్యర్థం.

మొదట స్థాయి నిర్ణయించవలెను. 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో కొత్త మంత్రాలు వ్రాసేవారి కొరకు ఒక పట్టిక ఉన్నది. దాని ప్రకారం ఒక్కనిపై ప్రయోగించే మంత్రానికి తగిన నష్టం మొదటి స్థాయిలో రెండు పది ముఖాల పాచికలు, రెండవ స్థాయిలో మూడు, మూడవ స్థాయిలో అయిదు, నాలుగవ స్థాయిలో ఆరు, అయిదవ స్థాయిలో ఎనిమిది. తప్పించుకొన్నవానికి సగం నష్టం అని ఆ పట్టిక భావించును. కనుక ఈ పిడుగును రెండవ స్థాయి మంత్రంగా తీసుకొని, ఒక్కొక్క బిళ్ళకు ఒక్కొక్క పది ముఖాల పాచిక అనుకొంటే మొదటి ప్రయోగం పట్టికతో సరిపోవును.

చిక్కు నిలువలో వచ్చును. కార్డుల ఆట ముగిసిన వెంటనే బిళ్ళలన్నీ డబ్బాలోకి పోతాయి. పాత్రపోషణ ఆటకు అట్టి ముగింపు లేదు. తెలివిగల ఆటగాడు ప్రతి రాత్రీ నిద్రకు ముందు మిగిలిన స్లాట్లతో బిళ్ళలు పోగుచేసి, పది దినాల తరువాత ఒక్క దెబ్బతో డ్రాగన్‌ను కూల్చును. దీనికి రెండు కట్టుబాట్లు చాలును. దీర్ఘవిశ్రాంతితో బిళ్ళలు చెదరిపోవలెను. ఒకేసారి ఆరు బిళ్ళలకు మించి ఉండరాదు.

ఆరు అన్న అంకె ఊరికే పెట్టినది కాదు. రెండు రెండవ స్థాయి స్లాట్లు ఖర్చుచేసి ఆరు పాచికల దెబ్బ కొట్టుట పట్టికలో నాలుగవ స్థాయికి సమానమగును. రెండు రెళ్ళు నాలుగు. కూడబెట్టుటకు ఒక వంతు వృథా అయినది గనుక అది న్యాయమైన బేరమే. తొమ్మిది బిళ్ళలకు అనుమతిస్తే అయిదవ స్థాయి మంత్రాన్ని మించిపోవును. ఇక ఎంత దూరం నుండి కొట్టవచ్చును, తప్పించుకొనుటకు ఏ పాచిక వేయవలెను అన్నవి కార్డుపై ఉండవు. వానిని పోల్చదగిన పాత మంత్రాల నుండి తీసుకొనవలెను. 60 అడుగులు, చురుకుదనపు పాచిక ఇక్కడ సరిపోవును.

కార్డుపై లేనిది

కార్డుపై ఒక బొమ్మ, ఒక నియమం, ఒక్కొక్కప్పుడు ఒక చిన్న వాక్యం ఉండును. ఆ మంత్రం తడిసిన కట్టెలను అంటించునా, తాళం వేసిన తలుపును పగులగొట్టునా, ప్రక్కనున్న పసివానికి తగులునా అన్న ప్రశ్నలు ఆ ఆటలో పుట్టవు. పాత్రపోషణ ఆటలో మొదటి అరగంటలోనే పుట్టును. వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలలో పటం కథలు చెప్పేవారు చేర్యాల నకాశీల పటాన్ని విప్పుచు ఒక్కొక్క గడినీ మాటతో, పాటతో నింపుతారు. గడిలోని బొమ్మ కథకు ఆధారం, కథ కాదు. కార్డు నుండి మంత్రం వ్రాసేవాడు చేయవలసినది సుమారుగా అదే పని. అందుచే మంచి మలపులో కార్డు నియమం నాలుగు పంక్తులైతే కొత్త మంత్రం పది పంక్తులగును.

అధికారిక ప్రచురణలు

జేమ్స్ వాయట్ వ్రాసిన ప్లేన్ షిఫ్ట్ పుస్తికలు 2016 నుండి 2018 వరకు ఆరు వెలువడినవి: జెండికార్, ఇన్నిస్ట్రాడ్, కళాదేశ్, ఆమోన్‌ఖెట్, ఇక్సలాన్, డొమినేరియా. వీనిని ఉచితంగా అందించినారు. ఇవి మంత్రాలను ఒక్కొక్కటిగా అనువదించలేదు. లోకం, జాతులు, ప్రాణులు మ్యాజిక్‌వి. మంత్రాలు మాత్రం చాలావరకు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఉన్నవే.

2018 నవంబరులో వచ్చిన గిల్డ్‌మాస్టర్స్ గైడ్ టు రావ్నికాలో మరింత నేర్పు కనబడును. ఐదు రంగులలో రెండేసి చొప్పున కలిపితే వచ్చే జతలు పది. రావ్నికా నగరంలోని సంఘాలు కూడా పదే. మంత్రశక్తి గల పాత్ర తన సంఘానికి కేటాయించిన పట్టికలోని పాత మంత్రాలను అదనంగా సిద్ధపరచుకొనవచ్చును. రంగుల తత్త్వాన్ని కొత్త మంత్రాలతో కాక, ఉన్న మంత్రాలను ఏరి పేర్చుటతో చూపినారు. చాలామంది గృహరచయితలకు ఈ మార్గమే మేలు.

2020లో థెరోస్, 2021 డిసెంబరులో స్ట్రిక్స్‌హేవెన్ లోకాల గ్రంథాలు వెలువడినవి. రెండవదానిలో ఐదు కొత్త మంత్రాలు కలవు. వానిలో సిల్వరీ బార్బ్స్ అనేది పెద్ద వివాదమైనది. ఎదుటివాడు పాచికలో నెగ్గిన వెంటనే దీనిని ప్రతిచర్యగా వాడితే అతడు మరల పాచిక వేసి తక్కువ అంకెను తీసుకొనవలెను. పైగా మన పక్షంలో ఒకరికి తరువాతి పాచికలో అనుకూలత కలుగును. సగానికి సగం తప్పించుకొనగల శత్రువుకు ఆ అవకాశం దీనితో 25 శాతానికి పడిపోవును. ఇంత చేసినను ఇది మొదటి స్థాయి మంత్రమే. పెద్ద మంత్రవేత్తకు మొదటి స్థాయి స్లాట్లు చిల్లరతో సమానం. వానితో అయిదవ స్థాయి మంత్రాన్ని రెండవసారి ప్రయత్నించినంత ఫలం దక్కుచున్నది. కార్డుగా ఉంటే ప్రతిసారీ చేతిలో ఒక ముక్క తరిగి ఉండెడిది. కొన్ని బృందాలు దీనిని తమ బల్ల వద్ద నిషేధించుకొన్నవి. ఒక ఆటగాడు దీనిని ప్రతి పోరాటంలో వాడుచుంటే, ఫలితం ఏమగునో అని చూచే ఉత్కంఠ మిగిలినవారికి పోవుననుట వారి వాదం. అది త్రోసిపుచ్చదగినది కాదు.

ఎదురు దిశలో నడచిన ప్రయోగం కూడా ఉన్నది. 2021 జూలైలో వచ్చిన అడ్వెంచర్స్ ఇన్ ద ఫర్గాటెన్ రెల్మ్స్ అనే సంపుటిలో పాత్రపోషణ ఆట మంత్రాలను కార్డులుగా మార్చినారు. మ్యాజిక్ మిసైల్ అనే మంత్రంలో మూడు బాణాలు గురి తప్పక తగులును; కార్డులో 3 నష్టాన్ని మూడు లక్ష్యాల వరకు పంచవచ్చును, దానిని ప్రతిమంత్రంతో ఆపరాదు. పవర్ వర్డ్ కిల్ అనే తొమ్మిదవ స్థాయి మంత్రం 100 వరకు ప్రాణం గలవానిని ఒక్కమాటతో చంపును. కార్డులో దాని వెల రెండు మానాలే. దేవదూతలు, దయ్యాలు, పిశాచాలు, డ్రాగన్లు తప్ప ఏ ప్రాణినైనా చంపును. మంత్రవేత్త జీవితకాలపు సాధన రెండు మానాల పని అయినది. అయినను అక్కడ అది న్యాయమే, ఏలయన ఆ ముక్క చేతికి రావలెను, వాడిన తరువాత పోవలెను.

కళాదేశ్ పేరు

పైని పిడుగు ముక్క పుట్టిన కళాదేశ్ భారతదేశపు ఛాయలతో కల్పించిన లోకం. చంద్ర, పియా, కిరణ్, సహేలి వంటి పేర్లు అందులో కనబడును. అక్కడ మంత్రం కంటె యంత్రానికి గౌరవం ఎక్కువ. ఈథర్ అనే శక్తితో నడిచే పరికరాలను శిల్పులు నిర్మిస్తారు. కనుక ఈ లోకపు మంత్రాన్ని మలచేటప్పుడు అది నోటిమాటగా కాక చేతిలోని పరికరంగా కనబడుట సమంజసం. రోమన్ లిపిలో ఈ పేరు కళల దేశమనీ, హిందీ ప్రకారం నల్ల దేశమనీ రెండు విధాలుగా చదువుటకు వీలైనది. లిపి తెలిసినవారిని ముందే అడిగి ఉంటే ఈ చిక్కు వచ్చెడిది కాదు. 2024లో సంస్థ ఈ లోకానికి ఆవిష్కార్ అని పేరు మార్చుచున్నట్లు ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఈథర్‌డ్రిఫ్ట్ సంపుటిలో ఆ కొత్త పేరు వాడబడినది. 2017 నాటి ప్లేన్ షిఫ్ట్ పుస్తిక మాత్రం పాత పేరుతోనే ఉన్నది.

ప్రచురణ హక్కులు

ఇంటిలో ఆడుకొనుటకు ఎవరి అనుమతీ అవసరం లేదు. మలచిన మంత్రాలను అచ్చువేయదలచినవారు మాత్రం జాగ్రత్తపడవలెను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల సంగ్రహాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేసినారు. మూలాన్ని పేర్కొని దానిని వాడుకొనవచ్చును, తెలుగులోకి అనువదించుకొనవచ్చును కూడా. మ్యాజిక్ ముక్కల బొమ్మలు, లోకాలు, పాత్రలు ఆ లైసెన్సులో లేవు. కనుక పై ఉదాహరణలోని మంత్రాన్ని పుస్తకంలో చేర్చేవారు బిళ్ళల పద్ధతిని తమ మాటలలో వ్రాసి, పేరును, బొమ్మను తమవిగా పెట్టుకొనుట మంచిది.